కూత ఏ బస్సులో వచ్చింది

ముందు ప్రమాణం చేస్తాను, తరవాత కథలోకి వెళ్తాను. సింహాచలంలో కప్పస్తంభాన్ని కావలించుకుని చెప్పమన్నా ఇదే చెబుతాను: ఈ అధ్యాయంలో ప్రతి అక్షరమూ నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కాసేపు నవ్వుకుంటారని తెలుసు. మా నాన్న వలలో ఒకసారి జలాంతర్గామి చిక్కిందనీ, అందులోంచి కెప్టెను తల బయటపెట్టి మా నాన్నని బీడీ అడిగాడనీ నేను చెప్పిన సంగతి వాళ్ళకింకా గుర్తుంది. ఆ కథలో వల మాత్రం నిజం. ఈ కథ అలాంటిది కాదు. దీనికి కాగితం మీద సాక్ష్యం ఉంది.

ఆ కాగితం పోయిన నెల యారాడలో దొరికింది. అక్కడ మా అక్క నూకరత్నం ఉంటుంది. ఇంటికి సున్నాలు వేయిస్తోందని సామానంతా వాకిట్లోకి చేర్చారు. అక్క కూతురి కూతురు జాహ్నవి, అమ్మమ్మ దగ్గరే ఉండి ఇంటర్మీడియట్ చదువుతోంది, రేకు పెట్టె ఖాళీ చేస్తూ అడుగున చీరల కింద పరిచిన కాగితాన్ని పైకి తీసింది. పసుపు రంగుకి తిరిగిన గ్రాఫు కాగితం. ఎండుచేపల వాసన, కలరా ఉండల వాసన కలిసి దానికి పట్టేశాయి. మధ్యలో గుండుసూది గుచ్చిన చిల్లు. చిల్లు చుట్టూ పెన్సిలుతో వృత్తం, అది కూడా సరిగ్గా గుండ్రంగా కాదు, చేత్తో తట్టిన గారెలా ఉంది. వృత్తం గీత మీద ఒక చుక్క, లోపల ఒక చుక్క, బయట దూరంగా ఇంకో చుక్క. "ఏటి తాతా ఇది, మా లెక్కల్లో సంకీర్ణ సంఖ్యల పాఠంలాగుంది?" అంది. "మీ అమ్మమ్మ శుభలేఖ" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. నా మాట నమ్మకపోవడం ఆ ఇంట్లో తల్లి నుంచి కూతురికి వస్తున్న ఆస్తి.

అప్పట్లో మేము వన్‌టౌన్‌లో, చేపల రేవుకి నాలుగు సందుల ఇవతల ఉండేవాళ్ళం. నాన్న వేట మానేసి రేవులో కళాసీగా చేరాడు. ఇంటికి పెద్ద మాత్రం నాన్న కాదు, నాయనమ్మ. ఆవిడ పేరు పైడమ్మ. పొద్దు పొడవకముందే రేవుకి వెళ్ళి, పడవల దగ్గర వేలం పాట పాడి చేపలు కొని, గంప నెత్తికెత్తుకుని సీతమ్మధార దాకా నడిచేది. బస్సెక్కితే చేపల వాసనకి కండక్టరు దించేస్తాడు కనుక ఆవిడకి బస్సుతో పని లేదు. దూరాన్ని కిలోమీటర్లలో చెబితే ఆవిడకి తలకెక్కేది కాదు. గంపని ఎన్నిసార్లు దించుకుని మెడ తిప్పుకోవాలో అదే ఆవిడ కొలత. సీతమ్మధార మూడు దింపుళ్ళు. ఎవరైనా ఇల్లు మారుతున్నామంటే ఎన్ని గదులని అడిగేది కాదు, ఎన్ని దింపుళ్ళని అడిగేది. సాయంత్రం వచ్చాక గంప కడిగి గోడకి ఆనించేది, అయినా ఆ గోడ దగ్గర ఏ కాలంలోనైనా ఉప్పు, పొలుసు, తడి వెదురు కలిసిన వాసనే. ఇప్పటికీ తడి వెదురు వాసన ఎక్కడైనా తగిలితే నా మెడ దానంతటదే ఒక పక్కకి తిరుగుతుంది.

మా ఇంట్లో గడియారం ఉండేది, నడిచేది కాదు. నడవడం లేదని ఎవరూ గమనించలేదు కూడా. రేవు వర్క్‌షాపు సైరను కూత ఉండగా గడియారంతో ఏం పని? ఆదివారాలతో సహా రోజుకి మూడు కూతలు. ఎనిమిది కూతకి నాన్న గేటు దగ్గర ఉండాలి. పన్నెండు కూతకి పొయ్యి మీద అన్నం ఎక్కాలి. ఐదు కూతకి దీపపు చిమ్నీ తుడవాలి. పన్నెండు కూత వేళకి నాయనమ్మ ఇంట్లో ఉండేది కాదు, సీతమ్మధారలో ఏదో అరుగు మీద ఉండేది. అయినా కూత వినపడగానే ఒక్క క్షణం బేరం ఆపి, "మా పిల్ల అన్నం ఎక్కించీసుంటాది" అనుకునేదట. ఆ పిల్ల అంటే మా అక్క. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో వంట అక్క చేతికే వచ్చింది.

ఆ కూతకి ఇంకో పని కూడా ఉండేది. నాన్నకి ముందు నాయనమ్మకి ఒక కూతురు, మా పెద్దత్త. ఆమెని భీమిలి దాటి ఎక్కడో ఒడ్డునున్న ఊరికిచ్చారు. తొలి కాన్పులో పోయింది. కబురు మూడో రోజున వచ్చింది. నాయనమ్మ వెళ్ళేసరికి వాకిట్లో కడిగిన తడి కూడా ఆరిపోయిందట. ఆ రోజు తిరిగి వస్తూ మన పట్నం పొలిమేర దగ్గర పన్నెండు కూత విని అక్కడే కూర్చుండిపోయిందనీ, ఇక మీదట మా ఇంటి ఆడపిల్లని ఈ కూత వినపడని ఊరికి ఇవ్వనని అక్కడే అన్నదనీ నాన్న చెప్పేవాడు. కూత వినపడే చోట ఉంటే ఇక్కడా అక్కడా ఒకే వేళకి అన్నం ఎక్కుతుంది. ఆవిడకి అదే దగ్గర, అది కాకపోతే దూరం.

యారాడ కుర్రాడు సన్యాసి తెప్ప వేసుకుని వేటాడేవాడు. తెచ్చిన చేపలు మా రేవులో అమ్మేవాడు. నాయనమ్మకి ఒంట్లో బాగాలేక అక్క గంప పట్టుకుని రేవుకి వెళ్ళిన వారం రోజుల్లో ఆ ఇద్దరికీ మాటలు కలిశాయి. తరవాత ఒకనాడు సన్యాసి తల్లి గౌరమ్మ చీర కొంగున తమలపాకులు కట్టుకుని మా ఇంటికి వచ్చి కూర్చుంది. నాయనమ్మ మర్యాదకి ఏ లోటూ చెయ్యలేదు.

"మీ ఊరు మంచిదే, మీ గుంటడూ మంచోడే. కూత ఇనపడదు" అంది.

"ఎంత దూరం వదినా? తెప్ప మీదైతే గంటన్నర."

"మన ఆడోళ్ళు తెప్పెక్కుతారేటి?"

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు. అది ఆచారం, దానికి కారణం అడిగినవాడిని నేనొక్కడినే, నాకు దక్కింది మొట్టికాయ. అందువల్ల మగవాడికి గంటన్నర ఉన్న ఊరు ఆడదానికి ఒక పూట. గాజువాక మీదుగా బస్సులు మారి, కొండ కింద దిగి, ఎక్కి, మళ్ళీ దిగాలి. నాయనమ్మ వేళ్ళు మడిచి లెక్కేసి "పదిహేను దింపుళ్ళు" అని తేల్చింది. గౌరమ్మ తమలపాకులు తీసుకుని వెళ్ళిపోయింది. అక్క మాత్రం ఆ రోజునుంచి చేపల పులుసులో ఉప్పు వెయ్యడం మానేసింది. నాయనమ్మ కూడా ఉప్పు అడగలేదు. మధ్యలో నేనూ నాన్నా చప్పటి పులుసు తిన్నాం.

ఆ ఏడాది మార్చిలో నేను ఇంటర్మీడియట్ లెక్కల్లో తప్పాను. సెప్టెంబరులో మళ్ళీ రాయాలి. సీతమ్మధారలో నాయనమ్మ దగ్గర చేపలు కొనే ఒక మేష్టారమ్మగారుండేవారు. ఆవిడ భర్త లెక్కల లెక్చరరు. ఆయన చేపలు ముట్టరు. తినేవాళ్ళకి ఎదురూ చెప్పరు. నాయనమ్మ ఆ అరుగు మీద గంప దించి, వంజరం ముక్క ఒకటి ఆవిడకి ఎక్కువేసి, "మా గుంటడికి లెక్కలు రాటం నేదమ్మా" అంది. ఆదివారాలు నేను వెళ్ళాలని ఖాయమైంది.

మొదటి ఆదివారం పొద్దెక్కాక మేష్టారు నాకు ఒకే లెక్క ఇచ్చారు. మూడు ప్లస్ నాలుగు ఐ, దాని మాడ్యులస్ ఎంత?

"ఏడండి" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఎలా వచ్చింది?"

"మూడు ఇలాగెల్లి, అక్కడ తిరిగి నాలుగు అలాగెల్తే ఏడే గదండి. మా బస్సు అలాగే వచ్చింది."

మార్చిలో నేను తప్పింది ఈ దారినే. మాడ్యులస్ అంటే మైనస్ గుర్తులు తీసేసి మిగిలినవి కలపడమని నా నమ్మకం. మేష్టారు సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ నా వైపు చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు పన్నెండైంది. కిటికీలోంచి, ఇళ్ళ మీదుగా, దూరం నుంచి పిలిచినట్టు సన్నగా కూత వచ్చింది.

"ఏమిటది?" అన్నారు.

"మా రేవు కూతండి."

"మీ ఇంటి దగ్గర్నుంచే వచ్చింది కదా. ఏ బస్సులో వచ్చింది?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆయన గోడ మీదున్న పట్నం పటం దగ్గరికి నన్ను తీసుకెళ్ళి స్కేలు చేతికిచ్చారు. కూత కూసే చోటు మూలబిందువు. సీతమ్మధార దానికి తూర్పుగా రెండు కిలోమీటర్లు, ఉత్తరంగా ఐదు. అంటే రెండు ప్లస్ ఐదు ఐ, ఐ తగిలించింది ఉత్తరం లెక్క. బస్సుకైతే ఏడు, మధ్యలో ఆగిన స్టాపులు వేరే. కూతకి మాత్రం రెండు వర్గం నాలుగు, ఐదు వర్గం ఇరవై ఐదు, మొత్తం ఇరవై తొమ్మిది, దాని వర్గమూలం. ఐదూ చిల్లర. "ఇక్కడ ఒక కొస, అక్కడ ఒక కొస పట్టుకుని దారం బిగలాగితే ఎంత పడుతుందో, అదీ మాడ్యులస్. దారి కాదు, దూరం" అన్నారాయన. కూత నుంచి సరిగ్గా అంతే దూరంలో ఉన్న చోట్లన్నిటికీ చుక్కలు పెడితే వృత్తం వస్తుందని కూడా చెప్పారు. అప్పటికి నేను వినడం మానేశాను. నా కళ్ళు పటంలో కిందికి, కొండ కొమ్ముకి అవతల సముద్రం ఒడ్డున ఉన్న యారాడ మీద ఉన్నాయి. పడమరకి మూడు, దక్షిణానికి నాలుగు. మైనస్ మూడు మైనస్ నాలుగు ఐ. వర్గం చేసేసరికి మైనస్సులు వాటంతటవే పోయాయి. తొమ్మిదీ పదహారూ ఇరవై ఐదు. ఐదు. సీతమ్మధార కంటే యారాడ దగ్గర.

ఆ సాయంత్రం ఐదు కూత కూశాక గ్రాఫు కాగితం నాయనమ్మ ముందు పరిచాను. ఆవిడ గంప కడుగుతూ ఒక కంటితో చూసింది.

"ఇదేటి?"

"మన పట్నం."

"సముద్రం ఏదీ?"

"సముద్రం గియ్యనేదు."

"సముద్రం నేకుండా పట్నం ఏటిరా గుంటడా?"

"ఇది దూరం సూడ్డానికి మట్టుకే. సీతమ్మధారలో నీకు పన్నెండు కూత ఇనపడతాదా?"

"ఇనపడకేటి. మేష్టారమ్మగారి అరుగు మీద కూకుని రోజూ ఇంటన్నాను."

కూత చోట గుండుసూది గుచ్చి, దానికి వల అల్లే దారం కట్టాను. దారం సీతమ్మధార దాకా లాగి అక్కడ ముడేశాను. ముడి దగ్గర పెన్సిలు పెట్టి చుట్టూ తిప్పాను. గారె లాంటి ఆ వృత్తం అలా వచ్చింది. సింహాచలం చాలా బయట పడింది. "నిజమే, కొండ మీదికెల్తే కూత ఇనపడదు" అని నాయనమ్మ తనే ఒప్పుకుంది. అప్పుడు దారం యారాడ వైపు తిప్పాను. చుక్క దాటాక కూడా చిటికెన గోరంత దారం మిగిలింది. నాయనమ్మ తడి చెయ్యి చీరకి తుడుచుకుని, ఆ మిగిలిన దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసింది. పొయ్యి దగ్గర అక్క గరిటె కదపడం ఆపేసింది.

"ఇక్కడ్నించి అక్కడికి ఎంతో, అక్కడ్నించి ఇక్కడికీ అంతే. ఎటునించి తీసినా మాడ్యులస్ ఒకటే" అని నేను ఇంకొంచెం పాండిత్యం చూపించాను.

"అది నీ కాయితంలో. ఆడపిల్లకి పుట్టిల్లు ఎప్పుడూ రెండింతల దూరంరా" అంది. తరవాత, "సరే, నా సెవులతో నానే ఇంటాను. అక్కడ పన్నెండు కూత ఇనపడితే పిల్లనిస్తాను. ఇనపడకపోతే ఈ ఇంట్లో మరి ఆ మాట ఎత్తకూడదు" అంది.

ఆ రాత్రి పులుసులో ఉప్పుంది.

నాయనమ్మా నేనూ బయల్దేరాం. అక్క రాలేదు, పెళ్ళికి ముందు పిల్ల ఆ గడప తొక్కకూడదు. ఆవిడ బస్సెక్కడం నేను చూడటం అదే మొదలు, గంప లేదు కాబట్టి కండక్టరు దించలేదు. కొండ కింద దిగి నడక మొదలుపెట్టాం. జీడిమామిడి చెట్ల మధ్య దారి. కొండ నెత్తిన ఆగి వెనక్కి చూస్తే రేవు క్రేన్లు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. ముందుకి చూస్తే లోతున కొబ్బరి చెట్లు, ఇసక, సముద్రం. అప్పుడు తట్టింది నాకు. సముద్రం గియ్యలేదని నాయనమ్మ అడిగింది కానీ, కొండ గియ్యలేదని ఎవరూ అడగలేదు. రేవుకీ యారాడకీ నడుమ ఇంత కొండ అడ్డంగా పడుకుని ఉంది, నా వర్గమూలానికి ఆ సంగతి తెలియదు. ఆవిడ కాళ్ళు చూసుకుంటూ దిగుతోంది.

గౌరమ్మ వాకిలి అలికి ఉంచింది. ముప్ఫై మంది దాకా చేరారు. కుక్కని ఎక్కడో కట్టేశారు, మేకల్ని తోలేశారు, పిల్లల నోళ్ళలో బెల్లం ముక్కలు పెట్టారు. సన్యాసి ఎవరిదో చేతి గడియారం పెట్టుకుని, అది తనదన్నట్టు మాటిమాటికీ చూసుకుంటున్నాడు. నాయనమ్మ పీట మీద కొండ వైపు తిరిగి కూర్చుంది. పన్నెండైంది. ఆ క్షణాన కొబ్బరాకులు కదలడం మానేశాయి, అల ఒకటి ఒడ్డుకి రాబోయి ఆగింది. అప్పుడు కొండ తల మీంచి, సూదిలోంచి దారం తీసినట్టు సన్నగా, తెగకుండా కూత వచ్చింది. ముప్ఫై మందిమీ విన్నాం. నాయనమ్మ తల ఊపి "ఇనపడింది" అంది. గౌరమ్మ తమలపాకులు తెచ్చింది. సెప్టెంబరు పరీక్షలో లెక్కల్లో కాలేజీకి మొదటి మార్కు నాదే. ఆ తరవాతి నెలలో అక్క పెళ్ళి.

అక్క పుట్టింటికి వచ్చినప్పుడల్లా నాయనమ్మ గుమ్మంలోనే అడిగేది: "కూత ఇనపడతందా?" అక్క చెప్పులు విడుస్తూనే, "ఇనపడతంది. అప్పుడే అన్నం ఎక్కిస్తన్నాను" అనేది. నాయనమ్మ పోయేదాకా ఆ ప్రశ్న మారలేదు, జవాబూ మారలేదు.

ఇప్పుడు ఆ కూత లేదు. ఏ రోజున ఆగిపోయిందో చెప్పగలిగినవాడు మా సందులో ఒక్కడూ లేడు. ఏళ్ళ తరబడి అన్నం ఎక్కించిన కూత ఆగిపోతే ఒక్క ఇంట్లోనూ అన్నం ఆలస్యం కాలేదు. ఉన్నా ఇప్పుడు సీతమ్మధార దాకా చేరదు, దారిలో ఉన్న హారన్లు దాన్ని తినేస్తాయి. యారాడ కొండ మీదికి కార్లు వెళ్తున్నాయి. మేము దిగిన చోట నిలబడి జనం ఫొటోలు తీసుకుంటున్నారు. జాహ్నవి వాళ్ళమ్మకి రోజుకి నాలుగుసార్లు వీడియోలో కనబడుతుంది, అన్నం ఎక్కిందా అని ఆవిడా అడగదు, ఈ పిల్లా చెప్పదు. దారి తగ్గింది, దింపుళ్ళు పోయాయి. మైనస్ మూడు మైనస్ నాలుగు ఐ మాత్రం అక్కడే ఉంది. ఐదు ఐదుగానే ఉంది.

ఇక ఒప్పుకోలు. కాలేజీకి మొదటి మార్కు నాది కాదు. పాసు మార్కు కంటే నాకు రెండు ఎక్కువ వచ్చాయి. సన్యాసి బావ గడియారం నిజం, గారె వృత్తం నిజం, చప్పటి పులుసు నిజం. ఆ మార్కు కాక నేను కల్పించింది ఒక్కటే, కూత.

ఆ రోజు యారాడలో ఏ కూతా వినపడలేదు. కొబ్బరాకులు మామూలుగానే కదిలాయి, అలలు మామూలుగానే వచ్చాయి. గడియారం పన్నెండు దాటింది, ఇంకో రెండు నిమిషాలు కూడా దాటింది. ముప్ఫై మందీ ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు, ఆ కూత అక్కడ వినపడదని అందరికీ తెలుసు. సన్యాసి బావ తల దించుకున్నాడు. అప్పుడు నాయనమ్మ ఎవరి వైపూ చూడకుండా, "ఇనపడింది" అంది. వాకిట్లో ఒక్కరూ కాదనలేదు.

తిరుగు దారిలో కొండ నెత్తికి చేరేసరికి ఐదైంది. అక్కడ కూత స్పష్టంగా వినపడింది. నాయనమ్మ నిలబడి, అది ఆగేదాకా విని, "లెక్క తప్పింది గదరా" అంది.

"దూరం తప్పనేదు నాయనమ్మా. కొండ సంగతి లెక్కలో నేదు."

"మరైతే కొండ సంగతి మీ అక్కకి సెప్పకు. అదక్కడ కుదురుకోవాల" అంది.

చెప్పలేదు. పోయిన నెల ఆ కాగితం దొరికిన రోజు, జాహ్నవి లోపలికి వెళ్ళాక అక్క నా పక్కన కూర్చుని, "ఒరే, ఒకటి సెప్తాను, ఎవలికీ సెప్పకు. ఇక్కడ ఒక్కనాడు కూడా కూత ఇనపడనేదు. ముసిల్ది బెంగపడతాదని, అది సచ్చిపోయినదాకా అబద్దం ఆడాను. ఆ పాపం ఒకటి నాకుండిపోనాది" అంది. నాయనమ్మకి తెలుసని అక్కడికక్కడే చెప్పేశాను. అక్క నవ్వింది. "నీ మాటలు ఎవులు నమ్ముతారు, జలాంతర్గామి నువ్వూనూ" అని సున్నాల వాళ్ళకి టీ పెట్టడానికి లేచి వెళ్ళిపోయింది.

అందుకని ప్రమాణంతో మొదలుపెట్టి రాశాను. నేను నోటితో చెబితే నమ్మని మనిషి, అచ్చులో ఉన్నది నమ్ముతుంది. అక్కకి చదువు రాదు. ఈ పుస్తకం మనవరాలే చదివి వినిపించాలి. జాహ్నవీ, ఇక్కడిదాకా వచ్చావు కదా. ఒప్పుకోలు దగ్గర్నుంచి అమ్మమ్మకి ఇంకోసారి చదువు. మెల్లగా చదువు.